చేతికీ చక్రానికీ నడుమ
స్టీరింగు పెట్టె కథ

1960 తరువాతి దశాబ్దంలో అమెరికాలో ఒక కొత్త తరహా కార్లు బయలుదేరాయి. కారు శరీరం మధ్యరకం, దానిలో అమర్చిన ఇంజను మాత్రం పెద్దది. వీటికి 'మజిల్ కార్లు', అనగా కండబలం గల కార్లు, అని పేరు వచ్చింది. 1964వ సంవత్సరపు పాంటియాక్ జి.టి.ఓ. ఈ తరహాకు దారితీసిన కారుగా ప్రసిద్ధి పొందింది. దాని ఇంజను పరిమాణం సుమారు 6.4 లీటర్లు, శక్తి 325 అశ్వశక్తులు. అప్పటి కార్లు ఈనాటికి వృద్ధాప్యంలో పడ్డాయి. అయినా వాటిని అపురూపంగా కాపాడుకుంటూ, బాగుచేసుకుంటూ, రోడ్డు మీద నడిపేవారు పెక్కుమంది ఉన్నారు.

అట్టి కారులో చేతితో తిప్పే స్టీరింగు పెట్టె అరిగిపోయిందనుకుందాం. దాని స్థానంలో ఏ పెట్టె అమర్చాలి? ఇది మెకానిక్కుకు మాత్రమే సంబంధించిన చిన్న సంగతి అనిపించవచ్చు. కాని ఈ ప్రశ్నకు సరియైన జవాబు భౌతికశాస్త్ర పాఠంలో ఉన్నది. ఆ పాఠాన్ని ఇంజనీర్లు ఎట్లా నేర్చుకున్నారో చరిత్రలో ఉన్నది. ఒకటిన్నర టన్నుకు మించిన బరువు గల బండి వేగంగా పోతూ ఉండగా, దానిని దారిలో ఉంచేది ఈ పెట్టె ఒక్కటే. కాబట్టి ఇందులో పొరపాటు చేస్తే నష్టం డబ్బుతో పోయేది కాదు.

బండి మలుపు తిరిగేది ఎట్లా?

పూర్వం నాలుగు చక్రాల గుర్రపు బండ్లలో ముందు ఇరుసు మొత్తం నడుమనున్న ఒక మేకు చుట్టూ తిరిగేది. గుర్రాలు పక్కకు లాగితే ఇరుసు కూడా పక్కకు తిరిగేది. ఇందులో రెండు చిక్కులున్నాయి. ఇరుసు తిరిగినప్పుడు ముందు చక్రాలు బండి కిందికి చొచ్చుకుపోతాయి. కనుక వాటిని చిన్నవిగా చేయాలి. పైగా బాగా మలుపు తిరిగినప్పుడు బండికి ముందువైపు ఆనిక తగ్గి, ఒరిగిపోయే ప్రమాదం ఏర్పడుతుంది.

మ్యూనిక్ నగరంలో బండ్లు తయారుచేసే గేయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఇరుసును కదలకుండా ఉంచి, దాని రెండు కొసలలోను చక్రాలు విడివిడిగా తిరిగేట్లు చేశాడు. ఆయన పక్షాన లండనులో రుడాల్ఫ్ ఆకర్‌మన్ 1818లో పేటెంటు తీసుకున్నాడు. చిత్రమేమంటే, కనిపెట్టినవాని పేరు మరుగున పడి, పేటెంటు తీసుకున్నవాని పేరు నిలిచిపోయింది. నేటికీ ఇంజనీరింగు పుస్తకాలలో ఈ అమరికను 'ఆకర్‌మన్ స్టీరింగు' అనే అంటారు.

ఈ అమరికలోని రహస్యం రేఖాగణితానికి సంబంధించినది. బండి వంపు తిరిగేటప్పుడు లోపలివైపు చక్రం చిన్న వృత్తం మీద, బయటివైపు చక్రం పెద్ద వృత్తం మీద నడుస్తాయి. ఈ వృత్తాలన్నింటికీ కేంద్రం ఒకటే. కనుక లోపలి చక్రం కొంచెం ఎక్కువగాను, బయటి చక్రం కొంచెం తక్కువగాను తిరగాలి. లేకపోతే చక్రాలు దొర్లటానికి బదులు నేలను రాచుకుంటూ పోతాయి.

మోటారు బండ్లు వచ్చిన తొలి రోజులలో కూడా ఈ సమస్య కొరుకుడు పడలేదు. జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మోటారు బండికి చక్రాలు మూడే. ముందు ఒకే చక్రం ఉంటే దానిని తిప్పటం తేలిక. ముందు రెండు చక్రాలను విడివిడిగా తిప్పే ఏర్పాటుకు ఆయన 1893లో పేటెంటు తీసుకొని, అప్పుడు నాలుగు చక్రాల బండిని తయారుచేశాడు.

మీట పోయి చక్రం వచ్చింది

తొలి మోటారు బండ్లలో తిప్పటానికి ఒక మీట ఉండేది. పడవ చుక్కానికి ఉండే కర్ర వంటిది అది. బండి నెమ్మదిగా నడిచినంత కాలం దానితో పని జరిగింది. వేగం పెరిగిన కొద్దీ ప్రమాదం బయటపడింది. ముందు చక్రం ఒక రాతికి తగిలితే ఆ దెబ్బ నేరుగా మీటకు, మీట నుంచి చేతికి వచ్చేది. చేయి జారితే బండి దారి తప్పేది.

1894లో పారిస్ నుంచి రూయాన్ నగరానికి మోటారు బండ్ల పోటీ జరిగింది. అందులో ఆల్ఫ్రెడ్ వాషరోన్ తన పానార్ బండికి మీటకు బదులు చక్రం అమర్చాడు. కొద్ది సంవత్సరాలలోనే ఈ పద్ధతి అంతటా వ్యాపించింది. స్టీరింగు చక్రం కూడా ఒక తులాదండమే; కాకపోతే ఎటు పట్టుకున్నా మీటగా పనిచేసే గుండ్రని తులాదండం. పైగా దానిని ఎన్ని చుట్లయినా తిప్పవచ్చు. మీటకు లేని గుణం ఇది. ఈ గుణం ఉండటం వల్లనే, చేతికీ చక్రానికీ నడుమ గేర్లు పెట్టి బలాన్ని పెంచే మార్గం తెరుచుకున్నది.

మరచుట్ల బలం

స్టీరింగు స్తంభం అడుగున ఒక ఇనుప పెట్టె ఉంటుంది. అందులో స్టీరింగు చక్రంతోపాటు తిరిగే కడ్డీ మీద మరచుట్లు ఉంటాయి. దీనిని వర్మ్ అంటారు. ఈ మరకు ఆనుకొని ఒక దంతచక్రపు ముక్క ఉంటుంది. పూర్తి చక్రం అవసరం లేదు గనుక విసనకర్ర వంటి ఖండం చాలు. దీనికి సెక్టారు అని పేరు. సెక్టారు ఇరుసుకు బిగించిన పిట్‌మన్ చేయి అనే మీట అటూ ఇటూ ఊగుతూ, కడ్డీల ద్వారా ముందు చక్రాలను తిప్పుతుంది.

పెట్టె నిష్పత్తి 24:1 అంటే అర్థమేమిటి? స్టీరింగు చక్రం 24 భాగాలు తిరిగితే సెక్టారు ఒక భాగం తిరుగుతుంది. చక్రాన్ని ఒక పూర్తి చుట్టు, అనగా 360 డిగ్రీలు తిప్పితే సెక్టారు 15 డిగ్రీలు మాత్రమే కదులుతుంది. కదలిక తగ్గిన మేరకు బలం పెరుగుతుంది. ఘర్షణ వల్ల పోయే భాగాన్ని తీసివేస్తే, మన చేయి చేసిన పని ఎంతో చక్రాల దగ్గర జరిగే పని కూడా అంతే. లారీ కింద పెట్టే జాకీ కూడా ఈ సూత్రం మీదనే పనిచేస్తుంది. జాకీ పిడిని ఎన్నో చుట్లు తిప్పితే బండి అంగుళమో రెండంగుళాలో లేస్తుంది.

మరజాకీలో ఇంకొక గుణం ఉన్నది. పిడిని వదిలివేసినా బండి కిందికి దిగదు. మరచుట్ల నడుమ ఘర్షణ దానిని పట్టి ఉంచుతుంది. పాత వర్మ్ పెట్టెలలో కూడా ఘర్షణ ఎక్కువ. రోడ్డు మీది కుదుపులు చేతిదాకా రాకుండా అది అడ్డుకునేది. ఇది మేలే. కాని దీని వెనుకనే రెండు కీడులు వచ్చాయి. డ్రైవరు బలంలో పెద్ద భాగం ఘర్షణకే ఖర్చయ్యేది. మలుపు తిరిగిన తరువాత చక్రం తనంతట తాను మధ్యకు రావటానికి బద్ధకించేది. చేతికి రోడ్డు స్పర్శ తెలియకపోవటం కూడా ప్రమాదమే. రోడ్డు జారుడుగా ఉన్నదో లేదో డ్రైవరుకు ముందుగా చెప్పేది ఆ స్పర్శ.

ఉక్కు గుండ్ల ఉపాయం

బరువైన బండరాతిని నేల మీద ఈడ్వటం కష్టం. దాని కింద దుంగలు వేసి దొర్లించటం సులభం. రాపిడి ఘర్షణకంటె దొర్లుడు ఘర్షణ ఎంతో తక్కువ. ఈ పాత సంగతినే అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు సాగినా పట్టణంలోని జనరల్ మోటార్స్ స్టీరింగు శాఖ కొత్తగా వినియోగించింది. 1940వ సంవత్సరపు కాడిలాక్ కార్లలో ఆ పెట్టె వచ్చింది.

ఇందులో మర నేరుగా సెక్టారును తాకదు. మర మీద ఒక పెద్ద నట్టు ఉంటుంది. మరగాడికీ నట్టుగాడికీ నడుమ ఉక్కు గుండ్లు వరుసగా ఉంటాయి. మర తిరిగితే గుండ్లు దొర్లుతూ నట్టును ముందుకో వెనుకకో జరుపుతాయి. గాడి చివరకు వచ్చిన గుండ్లు ఒక వంపు గొట్టంలో పడి, మళ్ళీ మొదటికి చేరుకుంటాయి. ఇట్లా గుండ్లు చుట్టి చుట్టి వస్తూ ఉంటాయి. నట్టు పక్కనున్న దంతాలు సెక్టారు దంతాలను తిప్పుతాయి.

ఈ పెట్టెలో ఘర్షణ బాగా తగ్గింది. చేతి బలం వృథా కాలేదు; మలుపు తరువాత చక్రం దానంతట అది తిరిగి వచ్చింది. మజిల్ కార్లలో చేతి స్టీరింగు పెట్టెలు ఎక్కువగా ఈ జాతివే.

నూనె చేసిన సాయం

కార్లు బరువెక్కిన కొద్దీ ఒక్క గేర్ల సాయం చాలలేదు. పియర్స్-యారో సంస్థలో ఇంజనీరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ నూనె పీడనంతో స్టీరింగుకు సాయపడే పద్ధతిని 1926 నాటికి కారులో అమర్చి చూపించాడు. కాని 1930 దశాబ్దపు ఆర్థిక మాంద్యం వల్ల కార్ల సంస్థలు దానికయ్యే ఖర్చుకు జంకాయి. చివరకు 1951లో క్రైస్లర్ సంస్థ తన ఇంపీరియల్ కారులో పవర్ స్టీరింగును అమ్మకానికి తెచ్చింది. మరుసటి సంవత్సరం జనరల్ మోటార్స్ కూడా తెచ్చింది.

పవర్ స్టీరింగుకు అదనంగా డబ్బు చెల్లించాలి. దాని పంపును తిప్పటానికి ఇంజను శక్తి కొంత ఖర్చవుతుంది, బరువు పెరుగుతుంది. అందుచేత ఖర్చుకు వెనుదీసినవారు, పందెములలో పాల్గొనేవారు చేతి స్టీరింగుతోనే కార్లు కొన్నారు. వీరికి సంస్థలు ఇచ్చిన మామూలు పెట్టె ఏది? క్రైస్లర్ కార్లలోను, షెవ్రలే కమారోలోను అది 24:1. ఫోర్డు మస్టాంగులో సుమారు 20:1. త్వరగా తిరిగే 16:1 పెట్టెలు కూడా కోరినవారికి దొరికేవి.

లెక్క ఏమి చెబుతుంది?

ముందు చక్రాలు ఒక కొస నుంచి రెండవ కొసకు తిరగటానికి సెక్టారు మొత్తం 75 డిగ్రీలు కదలాలనుకుందాం. అప్పుడు 24:1 పెట్టెలో స్టీరింగు చక్రాన్ని సరిగా 5 చుట్లు తిప్పాలి. 20:1 పెట్టెలో 4 చుట్లకు కొంచెం పైన. 16:1 పెట్టెలో 3 చుట్లు, మరొక మూడవ వంతు. కాని 24ను 16తో భాగిస్తే ఒకటిన్నర వస్తుంది. మొదటి పెట్టెతో 10 కిలోల బలం చాలిన చోట చివరి పెట్టెతో 15 కిలోలు కావాలి.

ఇంతవరకు చూస్తే ఇది సుఖానికి సంబంధించిన ప్రశ్నగా తోస్తుంది. కాని తడి రోడ్డు మీద కారు వెనుకభాగం పక్కకు జారిందనుకోండి. పెద్ద ఇంజను గల కార్లలో ఇది సులభంగా జరుగుతుంది. అప్పుడు డ్రైవరు జారిన వైపుకే ముందు చక్రాలను చప్పున తిప్పాలి. సెక్టారు 10 డిగ్రీలు కదలాలంటే 24:1 పెట్టెలో చేతులు 240 డిగ్రీలు తిప్పాలి. చేతులు పట్టు మార్చకుండా ఇది సాధ్యం కాదు. 16:1 పెట్టెలో 160 డిగ్రీలు చాలు. పట్టు వదలకుండానే తిప్పవచ్చు. పట్టు మార్చే ఆ క్షణమే కారు దారిలో ఉండటానికీ, గట్టు దిగటానికీ తేడా కావచ్చు. ఇంజనుకు కండబలం ఇచ్చినవారు స్టీరింగుకు మాత్రం నెమ్మది స్వభావం ఇచ్చారన్నమాట. కారు నిలిచి ఉన్నప్పుడు చేతికి తేలికగా ఉండాలని వారు చేసిన ఏర్పాటు, కారు వేగంగా పోతున్నప్పుడు చేతిని ఆలస్యం చేసింది.

ఏ పెట్టె ఎన్నుకోవాలి?

మొదట పెట్టె నిజంగా అరిగిందో లేదో చూడాలి. కారు అటూ ఇటూ తూగటానికి కడ్డీల కీళ్ళు వదులు కావటం, పెట్టెను ఫ్రేముకు పట్టి ఉంచే బోల్టులు సడలటం, స్తంభానికీ పెట్టెకూ నడుమ ఉండే రబ్బరు బిళ్ళ చీలటం కూడా కారణాలు కావచ్చు. ఒకరు స్టీరింగు చక్రాన్ని కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తూ ఉండగా, మరొకరు కింద చూడాలి. పెట్టెలోకి పోయే కడ్డీ కదులుతున్నా పిట్‌మన్ చేయి కదలకుండా ఉంటే దోషం పెట్టెలో ఉన్నది.

పెట్టె పైనున్న మరను బిగిస్తే ఆ సందు పోతుందని చాలామంది తొందరపడతారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. కారు ఎక్కువ కాలం నేరుగానే పోతుంది కనుక మధ్య దంతం వద్ద అరుగుదల ఎక్కువ. అందుకే పెట్టెను తయారుచేసేటప్పుడే మధ్యలో కొంచెం బిగువుగా, కొసలలో వదులుగా ఉంచుతారు. బాగా అరిగిన పెట్టెను మధ్య సందు పోయేదాకా బిగిస్తే అది పక్కల పట్టుకుపోతుంది. మలుపు తిరిగిన చక్రం వెనుకకు రాదు. అట్టి పెట్టెకు బిగింపు చికిత్స కాదు. బేరింగులు, గుండ్లు, నూనె కారకుండా ఆపే సీళ్ళు మార్చి పాత పెట్టెను బాగుచేయవచ్చు. కాని మరగాడి గుంటలు పడినా, సెక్టారు దంతం పగిలినా ఆ భాగాలను పారవేయవలసినదే. వాటికి వెల్డింగు చేయటం ప్రాణాలతో చెలగాటం.

కొత్త పెట్టె కొనేటప్పుడు మొదటి ప్రశ్న నిష్పత్తి. ముందుభాగంలో బరువైన ఇనుప ఇంజను, వెడల్పు టైర్లు ఉండి, ఊరిలో తరచు ఇరుకు చోట్ల నిలపవలసిన కారుకు 24:1 గాని, 20:1 గాని తగినది. చిన్న ఇంజను, మామూలు వెడల్పు టైర్లు ఉండి, ఎక్కువగా బయటి రోడ్ల మీద తిరిగే కారుకు 16:1 మేలు. ఆ కార్లు తయారైన రోజులలో టైర్లు సన్ననివి. ఈనాడు వెడల్పు రేడియల్ టైర్లు వేస్తే, కారు నిలిచి ఉన్నప్పుడు వాటిని తిప్పటానికి ఇంకా ఎక్కువ బలం కావాలి.

రెండవది, ఒక మార్పుతో మరొక మార్పు గుణించబడుతుందని మరువరాదు. 16 అంగుళాల వ్యాసం గల స్టీరింగు చక్రం తీసి, అందానికి 14 అంగుళాల చక్రం వేస్తే కావలసిన బలం ఏడవ వంతు పెరుగుతుంది. మనం చెప్పుకున్న 15 కిలోలు అప్పుడు 17 దాటుతాయి. పిట్‌మన్ చేతిని పొడవు చేసినా ఇదే ఫలితం. కనుక త్వరగా తిరిగే పెట్టె వేసినవారు పెద్ద చక్రాన్ని ఉంచుకోవటం వివేకం.

మూడవది, కొలతలు. బోల్టుల దూరాలు, కడ్డీ కొసన గల పళ్ళ సంఖ్య, సెక్టారు ఇరుసు లావు పాత పెట్టెతో సరిపోవాలి. మస్టాంగులో 1966 దాకా ఈ ఇరుసు వ్యాసం ఒక అంగుళం. 1967 నుంచి అంగుళం పైన ఎనిమిదవ వంతు. పాత పిట్‌మన్ చేయి కొత్త ఇరుసుకు పట్టదు. క్రైస్లర్ కార్లలో చేతి పెట్టెకూ పవర్ పెట్టెకూ స్తంభాల పొడవులు వేరు. కనుక పవర్ తీసివేసి చేతి పెట్టె వేసేవారు స్తంభం సంగతి కూడా ముందే చూసుకోవాలి. చక్రాన్ని కుడికి తిప్పితే పిట్‌మన్ చేయి ఎటు కదులుతున్నదో కూడా పోల్చుకోవాలి. కారు రకాన్ని బట్టి కడ్డీలు ఇరుసుకు ముందో వెనుకో ఉంటాయి. తప్పు రకపు పెట్టె బిగిస్తే కుడికి తిప్పిన కారు ఎడమకు పోతుంది.

నాలుగవది, ప్రాణరక్షణ. తొలి మస్టాంగులలో పెట్టె నుంచి స్టీరింగు చక్రం దాకా ఒకే పొడవైన ఇనుప కడ్డీ ఉండేది. ఎదురుగా ఢీకొంటే ఆ కడ్డీ డ్రైవరు ఛాతీ మీదికి వచ్చేది. దెబ్బకు కుంగిపోయే స్తంభాలు 1967 నాటి కార్లలో రావటం మొదలైంది. 1968 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన అమెరికా ప్రభుత్వపు భద్రతా నియమాలు ఇట్టి రక్షణను తప్పనిసరి చేశాయి. కుంగే స్తంభం ఉన్న కారులో పెట్టె మార్చేటప్పుడు ఆ గుణం చెడకుండా చూడటం మొదటి ధర్మం.

ముగింపు

నేటి కార్లలో ఎక్కువ భాగం ర్యాక్ అనే పండ్లపట్టీ పద్ధతితో నడుస్తున్నాయి. మన దేశంలో 1957 తరువాత అయిదు దశాబ్దాలకు పైగా తయారైన అంబాసిడర్ కారుకు కూడా ర్యాకే ఉండేది. అయినా గుండ్ల పెట్టె అంతరించిపోలేదు. పవర్ సాయంతో బరువు లారీలలో నేటికీ పనిచేస్తున్నది. పాత మజిల్ కారులోనూ, కొత్త లారీలోనూ సూత్రం మాత్రం ఒకటే. బలంలో లాభించినది దూరంలో చెల్లించాలి. 24:1 గాని, 16:1 గాని ఆ అప్పును రద్దు చేయలేవు. అప్పును కారు నిలిచినప్పుడు తీర్చాలా, పరుగెత్తేటప్పుడు తీర్చాలా అనేదే పెట్టె కొనేవారు నిర్ణయించుకోవలసిన విషయం.

ఉపాధ్యాయులు తులాదండాన్ని, మరను బోధించేటప్పుడు ఈ లెక్కను నల్లబల్ల మీద వేయించవచ్చు. 75 డిగ్రీలు, మూడు నిష్పత్తులు, ఒక భాగహారం – ఇంతే కావలసినది. బలాన్నీ దూరాన్నీ గురించి పుస్తకంలో చదివిన వాక్యం ఒక డ్రైవరు చేతులలో ఎట్లా పనిచేస్తుందో అప్పుడు విద్యార్థికి తెలిసివస్తుంది.